కార్డు రాని పేట

దాలమ్మ ఆ మెట్లెక్కి వచ్చేసరికి పదకొండు దాటింది. టెక్కలి హైవే పక్కన కిందంతా టైర్ల కొట్టు, పైనంతా రక్తపరీక్షల ట్రస్టు ఆఫీసు ఉన్న ఆ మేడకి మెట్లు బయటివైపు ఉంటాయి. ఇనుప మెట్లు కావడంతో ఎక్కేవాళ్ళ బరువు, తొందర లోపల కూర్చున్నవాళ్ళకి ముందే తెలిసిపోతాయి. ఈ అడుగులు సగంలో ఆగాయి, మళ్ళీ కదిలాయి, గుమ్మం దగ్గర ఇంకోసారి ఆగాయి. చెప్పులు బయట విడవాలా వద్దా అని ఆవిడ సందేహం. చివరికి విడిచే వచ్చింది.

"ఇక్కడ కంప్యూటర్ సూసే అమ్మ ఎవులమ్మా?"

ఎవరో చెప్పడానికి ఎక్కువమంది లేరు. ఆ ఆఫీసులో కంప్యూటరు ముట్టుకునేది ప్రమోదిని ఒక్కతే. ఏటా మే నెలలో, వేట నిషేధం వల్ల మగాళ్ళు ఇళ్ళ దగ్గరుండే రోజుల్లో, ట్రస్టువాళ్ళు ఉద్దానం ఊళ్ళన్నీ తిరిగి పెద్దవాళ్ళందరికీ కిడ్నీ పరీక్షకి రక్తం తీస్తారు. ఎనభై వేల పైచిలుకు మంది. ఆ ఫలితాలన్నీ ప్రోగ్రాంతో జల్లించి, ఎవరి అంకె ఎక్కువుందో వాళ్ళ పేరు మీద పసుపు కార్డు తీయడం ప్రమోదిని పని. కార్డు వచ్చినవాళ్ళు డాక్టరు దగ్గరికి రావాలి. రానివాళ్ళు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు. ఈ రెండో మాట ట్రస్టువాళ్ళు ఎక్కడా అనలేదు, ఊళ్ళే అనుకున్నాయి.

"నేనే అత్తా. కూర్చో."

దాలమ్మ కుర్చీ అంచున కూర్చుని, ఒళ్ళో ప్లాస్టిక్ సంచి సర్దుకుంది. "మాది సినరేవుపేట. మా ఇంటాయన పేరు పైడిరాజు. ఆయనకి కార్డు రానేదు."

"రాకపోతే మంచిదే కదా."

"అందరూ అదే అంతన్నారు. మా పేటకి అసలు రావు. మూడేళ్ళయినాది, ఒక్క కార్డూ రానేదు. సముద్రం గాలికి మాకు రోగం అంతుకోదంట. మా నుయ్యి నీలు మంచియంట." ఆవిడ గొంతు తగ్గించింది. "గానీ ఆయనకి పొద్దుగూకీసరికి కాల్లు పొంగిపోతన్నాయమ్మా. కూడు సయించదు. అడిగితే మీద పడిపోతాడు. కార్డు రానోడికి రోగమేటే అంతాడు. పదైదో తారీకున బోట్లు దిగిపోతాయి. ఇంక మనిసి నాకు సిక్కడు. ఆయన నంబరెంతో ఒక్కపాలి సూసి సెప్పీయమ్మా."

చినరేవుపేట పేరు ప్రమోదినికి తెలియక కాదు. దాని పేరు తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. కిడ్నీ రోగం గడప గడపనీ తట్టిన ఉద్దానంలో ఒక్క కార్డు కూడా రాని బెస్తల పేట అది. కిందటేడు విశాఖపట్నం నుంచి ఎవరో కారులో వచ్చి ఆ నూతి నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. పక్క ఊళ్ళవాళ్ళు మోటారు సైకిళ్ళ మీద క్యాన్లు కట్టుకొచ్చి తోడుకుపోతారు. ఆ పేట పిల్లకి సంబంధం ఇట్టే కుదురుతుందని చెప్పుకుంటారు. ట్రస్టు మేనేజరు నారాయణరావు తన వార్షిక నివేదికలో ఆ పేటకి ఏకంగా ఒక పేజీ ఇచ్చాడు.

ప్రమోదిని పేరు కొట్టింది. ఒక్క మనిషి వివరం కాబట్టి చిటికెలో వచ్చింది. పైడిరాజు, యాభై రెండేళ్ళు. క్రియాటినిన్ రెండు పాయింట్ మూడు. ఒకటింబావు దాటితే కార్డు వెళ్ళాలి. కిందటేడు ఒకటి పాయింట్ తొమ్మిది. ఆ ముందటేడు ఒకటిన్నర.

ఆమె అంకెని మళ్ళీ చదువుకుంది. పక్కనే ఆ పేట కోడ్ ఇచ్చి ఈ ఏడు గీత దాటినవాళ్ళు ఎంతమందో అడిగింది. ముప్పై ఎనిమిది అంది కంప్యూటరు.

"ఏటమ్మా? ఏటైనాది?"

"అంకె కొంచెం ఎక్కువే ఉందత్తా. డాక్టరుకి చూపించాలి. కార్డు రావాల్సిందే. ఎందుకు రాలేదో నేను చూడాలి." ఆమె డ్రాయరు లాగి ఖాళీ పసుపు కార్డు ఒకటి తీసింది. "ఇది చేత్తో రాసిస్తాను. రేపే తీసుకురా ఆయన్ని."

దాలమ్మ కార్డు వంక చూసిందే గాని చెయ్యి చాపలేదు. "పేటంతటికీ ఆయనొక్కడికే కార్డొచ్చినాదంటే సింపి సముద్రంలో పారీత్తాడమ్మా. పేట పేరు తీసీసినోడు ఈడే అంతారు గదా. సచ్చినా రాడు."

ఆవిడ వెళ్ళిపోయాక కూడా ప్రమోదిని ఆ ఖాళీ కార్డుని డ్రాయర్లో పెట్టలేదు. కీబోర్డు పక్కనే ఉంచుకుని ప్రోగ్రాం తెరిచింది.

వెతకాల్సిన పని కూడా లేకపోయింది. నలభయ్యో వరసలో ఉంది. ఫలితాలని ఊరి కోడ్ ప్రకారం పేర్చి, మొదటి ఎనభై వేలు మాత్రం తెమ్మని డేటాబేసుకి ఆజ్ఞ. దాని పక్కన ఒక చిన్న మాట: టెంపరరీ, ప్రమోదిని.

మూడేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన రెండోవారం అది. ప్రోగ్రాం మధ్యలో బిగుసుకుపోయి, మౌసు కూడా కదలక, నారాయణరావు వెనకే నిలబడి "ఇవాళ జాబితా వెళ్ళకపోతే నా మాట పోతుందమ్మా" అంటుంటే, ఎంత తగ్గిస్తే నడుస్తుందో చూద్దామని ఆ అంకె పెట్టింది. నడిచింది. ఆ రోజు అందరూ టీ తాగారు. ఎనభై వేలు దాటిన ఆ ఐదారు వందల మంది సంగతి మర్నాడు చూద్దామనుకుంది. ఆ మర్నాడు మూడేళ్ళయినా రాలేదు.

ఊళ్ళ కోడ్‌లు రోడ్డు పక్క నుంచి మొదలై సముద్రం దాకా పోతాయి. అన్నిటికన్నా చివర చేరిన చినరేవుపేట అన్నిటికన్నా చివరి కోడ్. మొదటేడు కోత పడింది ఆ ఒక్క పేటకే. ఏడాదికేడాది పరీక్షలు పెరిగాయి, కోత పైకి పాకింది. ఈ ఏడు మొత్తం ఎనభై మూడు వేలు. చివరి నాలుగు పేటలు గాల్లో కలిసిపోయాయి. సముద్రం గాలీ లేదు, నూతి నీళ్ళ మహత్యమూ లేదు. ఉన్నదల్లా తన అంకె.

నారాయణరావు విని, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. చెడ్డవాడేం కాదు. భయస్థుడు.

"ఎంతమందికి తెలుసు?"

"మీకూ నాకూ."

"సరే. ఆ నాలుగు పేటలకి విడిగా తీసెయ్యి. కార్డులు లేటయ్యాయని పంపిద్దాం. నివేదికలో ఆ పేజీ... వచ్చే ఏడు చూసుకుందాం."

"అలా తీయడం గంట పని సార్. వచ్చే ఏడు ఐదు పేటలు తప్పుతాయి. అప్పుడు నేనిక్కడ ఉండకపోవచ్చు. నా కుర్చీలో కూర్చునే పిల్లకి ఈ సంగతి ఎవరు చెప్తారు?"

"మరేం చేద్దామంటావు? కొత్త కంప్యూటరు అడిగితే పైవాళ్ళు ఆర్నెల్లు తిప్పుతారు."

"కంప్యూటరు తప్పేం లేదు. పదమూడో తారీకు దాకా టైమివ్వండి. అప్పటికి అవకపోతే మీరన్నట్టే చేస్తాను. ఇంకో మాట సార్. ఈసారి అందరికీ కార్డు వెళ్ళాలి. ఎక్కువున్నవాళ్ళకి పసుపుది. బాగున్నవాళ్ళకి తెల్లది, బాగుంది అని రాసి."

"బాగున్నవాడికి కార్డెందుకమ్మా?"

"కార్డు రాకపోతే బాగున్నట్టు అని మూడేళ్ళు నమ్మారు కదా సార్, అందుకు."

నారాయణరావు గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. నిన్నటిదాకా ఎనభై వేలకే ఐదు గంటలు మూలిగిన ప్రోగ్రాం అది. ఇప్పుడు ఎనభై మూడు వేలకీ కార్డు తీయాలి. ఆ పిల్ల ముఖం చూసి కాదనలేకపోయాడు.

మర్నాడు, జూన్ పదకొండో తారీకు ఉదయం, కాశీబుగ్గలో బస్సెక్కిన దగ్గర్నుంచీ ప్రమోదిని ఆ ప్రోగ్రాంనే తలుచుకుంటూ వచ్చింది. మొదట ఏమీ మార్చకుండా ఆ అంకె తీసేసి నడిపి చూసింది, రోగమెక్కడుందో కళ్ళతో చూడాలని. సరిగ్గా పన్నెండుకి కంప్యూటరు బిగుసుకుపోయింది. ఫ్యాను మాత్రం గుయ్యిమని తిరుగుతోంది. పవరు బటన్ నొక్కి చంపి, మళ్ళీ లేపి, ఈసారి కాగితం పెన్ను పట్టుకుని కూర్చుంది.

ఎవరు రాశారో గాని మొదట రాసినవాడు మొండివాడు. ఆ ప్రోగ్రాం చేసే పని ఇది. ఈ ఏటి ఫలితాలన్నీ ఒక్కసారే రమ్మంటుంది. అందరూ వచ్చి కంప్యూటరు మెమరీలో ఇరుక్కుని కూర్చునేదాకా పని మొదలెట్టదు. పైగా ప్రతి ఫలితంతోపాటు ఆ మనిషి నింపిన ఫారం ఫొటో కూడా మోసుకొస్తుంది. ఆ ఫొటోతో దానికేమీ పనిలేదు, అయినా వదలదు. అంతా వచ్చాక ఒక్కొక్కరి పేరే తీసుకుని, "ఈయనకి కిందటేడు ఎంతుంది?" అని కనుక్కోడానికి మళ్ళీ డేటాబేసు దాకా వెళ్ళొస్తుంది. ఎనభై వేల మందికి ఎనభై వేల సార్లు. ఇన్నాళ్ళూ అది నడిచినందుకే ఆశ్చర్యపోవాలి.

ప్రమోదిని ఫొటోలని రావద్దంది. కిందటేటి అంకెలని విడిగా అడక్కుండా, ఈ ఏటి అంకెల పక్కనే జతకట్టి రమ్మంది. అందరినీ ఒక్కసారి కాకుండా రెండేసి వేల మందిని పిలవమంది. వాళ్ళ కార్డులు రాసేసి, పంపించేసి, తర్వాతి రెండు వేలు. ఇది కాలేజీలో చదువుకున్నదే. పరీక్షలో రాసి పది మార్కులు కూడా తెచ్చుకుంది. అవసరం పడినప్పుడు మాత్రం గుర్తు రాలేదు, ఆ రోజు గుర్తొచ్చింది ఎనభై వేలన్న అంకె ఒక్కటే.

మూడు గంటలకి నడిపింది. మొదటి రెండు వేలు నీళ్ళలా వచ్చాయి. రెండో దఫా, మూడో దఫా కూడా. నారాయణరావు వచ్చి చూసి సంతోషంగా టీ చెప్పాడు. పదో దఫాకి కాస్త ఆగింది. పదిహేనో దఫాకి టీ వచ్చి చల్లారింది. ఇరవయ్యోది వచ్చేసరికి ఐదున్నర బస్సుకి వేళయింది. దఫాకీ దఫాకీ మధ్య ఆలస్యం పెరుగుతోందే తప్ప తగ్గడం లేదు. మొత్తం నలభై రెండు దఫాలు. ఆమెకి ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

అమ్మ గౌరీశ్వరి అప్పుడే జీడి ఫ్యాక్టరీ నుంచి వచ్చి, అరుగు మీద కాళ్ళు చాపుకుని, పప్పు పొట్టు గోళ్ళలోంచి పుల్లతో తీసుకుంటోంది. పాతికేళ్ళుగా పలాసలో పొట్టు తీసి, గుండూ బద్దా ముక్కా వేరుచేసే పని ఆవిడది. కూతురి మొహం చూసి, "ఏటే, ఎవులేటన్నారు?" అంది.

"ఎవరూ అనలేదు. నేనే అనుకుంటన్నాను." ప్రమోదిని అరుగు మీద కూలబడి, దాలమ్మ మెట్లెక్కిన దగ్గర్నుంచి చెప్పింది. తను పెట్టిన అంకె సంగతీ దాచలేదు. గౌరీశ్వరి ఓదార్చలేదు. ఆవిడకి ఆ అలవాటు లేదు. పుల్ల పక్కన పెట్టింది.

"ఇప్పుడెక్కడ ఆగినాది?"

"రెండేసి వేలు తెమ్మన్నానమ్మా. మొదట బాగానే తెచ్చింది. వెనక్కి వెళ్ళేకొద్దీ నత్తలా నడుస్తంది. ఇరవయ్యో దఫా అంటే, ముందు ముప్పై ఎనిమిది వేలు వదిలేసి తర్వాతవి తెమ్మని చెప్పాలి కదా. ఆ ముప్పై ఎనిమిది వేలూ ప్రతిసారీ మొదటినుంచి లెక్కపెట్టుకుంటా పోతంది."

గౌరీశ్వరి నవ్వేసింది. "మొదట్నించా? ఓలమ్మో! అలగైతే మా గోడౌన్ల సాయంత్రానికి ఒక్క టబ్బు కూడా బల్ల మీదకి రాదు. ఆరువందల బస్తాలుంతాయి. ఏ బస్తా కాడ ఆగినామో దాని మీద సుద్దతో గీత గీసీసి వచ్చీత్తాం. మళ్ళీ ఎల్లినోల్లు గీత సూసి దాని పక్క బస్తా ఇప్పుతారు. ఎనకటియి ఎన్నో మనకేల?"

ప్రమోదిని అమ్మ ముఖంలోకి చూసింది. కార్డు నంబర్లు. ప్రతి మనిషికీ పేట కోడ్‌తో కలిపి ఒక నంబరుంది. చివరగా వచ్చిన నంబరు గుర్తుపెట్టుకుని, దాని తర్వాతవి రెండు వేలు అంటే చాలు. వదిలేయాల్సినవెన్నో దానికి చెప్పనే అక్కర్లేదు. ఆ నంబర్లకి ఒక సూచిక కట్టి పెడితే తిన్నగా అక్కడికే వెళ్తుంది.

"అన్నం ఎట్టమ్మా," అంది.

"ఏడుపైపోనాదా?" అంటూ గౌరీశ్వరి లేచింది.

పన్నెండో తారీకు పదింటికల్లా ప్రమోదిని మార్చాల్సినవి మార్చింది. ఎనభై వేలన్న వరస దగ్గరకొచ్చి, తన పేరున్న ఆ మాటని ఒక్కో అక్షరమే తుడిచింది. పదీ ఇరవైకి నడిపింది. ఈసారి నారాయణరావు టీ చెప్పలేదు. కుర్చీ తెచ్చుకుని వెనక కూర్చున్నాడు, శకునం పాడు చేయకూడదన్నట్టు కదలకుండా.

ఒకటో దఫా. ఐదు. పన్నెండు. పదిహేను దగ్గర ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. పదహారు అదే వేగంతో వచ్చింది. ఇరవై. ముప్పై. ఫ్యాను మామూలుగా తిరుగుతోంది. నలభై రెండో దఫాలో రెండు వేలు లేవు, మిగిలినవే వచ్చాయి, ఆగిపోయింది.

"మళ్ళీ బిగుసుకుందా?" అన్నాడు నారాయణరావు.

"లేదు సార్. అయిపోయింది."

"అయిపోవడమేంటి? ఇంకా పదిన్నర కూడా కాలేదు!"

ఆరు నిమిషాలు పట్టింది. ఐదు గంటలు పట్టే పని. ప్రమోదిని అంత తొందరగా నమ్మలేదు. డేటాబేసులో చివరి నంబరు ఎంతో చూసింది. జాబితాలో చివరి నంబరు ఎంతో చూసింది. రెండూ ఒకటే, చినరేవుపేటది. అప్పుడు మాత్రం రెండు చేతులూ తల వెనక్కి పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి, గట్టిగా ఊపిరి వదిలింది. మూడు రోజుల నుంచి భుజాల మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయినట్టుంది. వెనక నారాయణరావు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

పేటకి వెళ్ళాల్సిన కార్డులు అచ్చయ్యేసరికి సాయంత్రమైంది. పసుపువి ముప్పై ఎనిమిది. తెల్లవి ఐదు వందల తొంభై. మిగతా మూడు పేటలవి వెనకే అచ్చవుతున్నాయి.

పదమూడో తారీకు ఉదయం వాళ్ళ జీపు జీడితోటలు, కొబ్బరితోటలు దాటి చినరేవుపేట చేరేసరికి మగాళ్ళంతా తుఫాను షెల్టరు నీడన వలలు పరుచుకుని కూర్చున్నారు. ఎల్లుండే వేట. తెగిన వలకళ్ళు అల్లేవాళ్ళు, బెండ్లు కట్టేవాళ్ళు, ఇంజన్ విప్పి నూనె పోసేవాళ్ళు. నూతి దగ్గర పక్క ఊరి మోటారు సైకిలొకటి క్యాన్లతో ఆగి ఉంది. జీపులోంచి ప్రమోదినీ నారాయణరావూ దిగారు, వెనక డాక్టరు భాగ్యశ్రీ మందుల పెట్టెతో దిగింది.

దారిలో నారాయణరావు నాలుగుసార్లు చెప్పాడు. "కార్డులు లేటయ్యాయి అందాం. అంతే. ఎక్కువ మాట్లాడొద్దు." ప్రమోదిని నాలుగుసార్లూ ఊఁ కొట్టింది.

షెల్టరు మెట్ల మీద నిలబడ్డాక ఆమెకి ఆ మాట నోట రాలేదు. ఎదురుగా వంద ముఖాలున్నాయి. ఆడవాళ్ళు కూడా వచ్చి చేరారు. దాలమ్మ వెనగ్గా నిలబడింది, తనకేమీ తెలియనట్టు.

"మీ పేటకి మూడేళ్ళుగా కార్డులు రాలేదు. మీకు రోగం లేకపోవడం వల్ల కాదు. మీ పేర్లు జాబితా చివర్లో ఉన్నాయి, కంప్యూటరు మోయలేకపోతోందని చివరివి నేను కోసేశాను. మళ్ళీ చూద్దామనుకుని మర్చిపోయాను. తప్పు నాది."

వలల మీద చేతులు ఆగాయి. ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. "అలగైతే, మూడేళ్ళు మాకేటీ నేదని నువ్వే సెప్పినావన్న మాట. నమ్మినాం గదా తల్లీ!"

"నాదీ ఉంది అందులో," అన్నాడు నారాయణరావు హఠాత్తుగా. ప్రమోదిని తిరిగి చూసింది. ఆయన చెమటలు కక్కుతున్నాడు, అయినా ముందుకొచ్చాడు. "జాబితా మీద సంతకం నాది. ఒక్కసారి కూడా చివరి పేజీ చూడలేదు. మీ పేట గురించి గొప్పగా పుస్తకంలో రాశాను కూడా."

తిడితే బాగుండునని ప్రమోదినికి అనిపించింది. అప్పుడు వల మధ్యలోంచి ఒక బలమైన మనిషి తలెత్తాడు. చేతిలో వల అల్లే సూది అలాగే ఉంది. దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం చూసి, ఆయనే పైడిరాజని ప్రమోదినికి అర్థమైంది.

"ఎంతమందికమ్మా?" అన్నాడు.

"ఏంటి మావా?"

"ఎక్కువున్నోల్లు. మా పేటల ఎంతమంది?"

"పేర్లు చెప్పను. ఎవరి కార్డు వాళ్ళకే ఇస్తాను. ముప్పై ఎనిమిది మంది."

"ముప్పై ఎనిమిదా?"

పైడిరాజు సూదిని వలలో గుచ్చాడు. అలా గుచ్చి, చేతులు మోకాళ్ళ మీద వేసుకున్నాడు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ప్రమోదిని భయపడింది. నవ్వుతున్నాడు, కళ్ళనిండా నీళ్ళతో.

"నానొక్కన్నే అనుకున్నానురా!" అన్నాడు పక్కవాళ్ళతో. "ఇంత మంచి పేటల నానొక్కన్నే కుళ్ళిపోనానని, పేట పేరు నాతోటే పోతాదని, రెండేళ్ళనించి నోరిప్పనేదు. ఇదిగో సూడండి." లుంగీ మడతలోంచి నలిగిన మందుబిళ్ళల అట్ట తీసి వల మీద పడేశాడు. ఒళ్ళునొప్పుల బిళ్ళలు. "దీంతోటే లాగుతన్నాను. ఇంటిదానికి కూడా తెల్దు."

"తెల్దా? నీ లుంగీలు ఉతికేది ఎవులు?" అంది దాలమ్మ వెనకనుంచి. ఎవరో కిసుక్కుమన్నారు.

ముసలాయన ఇంకా నిలబడే ఉన్నాడు. నెమ్మదిగా చొక్కా జేబులో చెయ్యి పెట్టి అలాంటి అట్టే ఇంకొకటి తీశాడు. పైడిరాజు అట్ట పక్కన పెట్టి కూర్చున్నాడు. ఇంజన్ దగ్గరున్న మనిషి చేతులు తుడుచుకుని లేచి, "నా పేరుందేటో సూడమ్మా," అంటూ మెట్ల దగ్గరికొచ్చాడు. అతని వెనక ఇంకొకరు. వరస దానంతటదే కట్టింది.

భాగ్యశ్రీ షెల్టరు లోపల బల్ల వేసుకుని పైడిరాజుని ముందు పిలిచింది. బీపీ చూసింది. కాళ్ళు నొక్కి చూసింది. అట్ట చేతిలో పట్టుకుని, "ఇవి రోజుకెన్ని?" అంది.

"వేటకెల్తే నాలుగు. నేకపోతే రెండు."

"ఇవే నిన్ను సగం తినేశాయి. ఇవాళ్టితో బంద్. బీపీకి ఈ మందు, ఉప్పు తగ్గించు. నెలనెలా రక్తం ఇవ్వాలి. కిడ్నీ సగం పైన పాడయింది, అది మళ్ళీ కొత్తది కాదు. కానీ ఇక్కడే ఆపొచ్చు. చాలామందికి ఏళ్ళ తరబడి ఇక్కడే ఆగింది."

"మిసను?" అన్నాడు పైడిరాజు. ఉద్దానంలో ఆ ఒక్క మాట అందరికీ తెలుసు. వారానికి మూడుసార్లు మంచం మీద కట్టేసి రక్తం కడిగే మిషను.

"ఇప్పుడు దాని మాటే లేదు. చెప్పినట్టు వింటే. ఇంకో ఏడాది ఆ బిళ్ళలు మింగి వచ్చుంటే మాత్రం నేనీ మాట అనలేకపోయేదాన్ని."

"వేటకి?"

"పది రోజులాగు. మళ్ళీ రక్తం చూసి చెప్తాను. బహుశా వెళ్తావు."

పైడిరాజు బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని బీడీ తీసి, వెలిగించకుండానే మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. ఆ ముప్పై ఎనిమిది మందిలో ఇద్దరిని చూసినప్పుడు డాక్టరు నొసలు ముడిపడడం ప్రమోదిని గమనించింది. వాళ్ళని జీపులోనే టెక్కలి తీసుకెళ్తున్నారు. ఆ ఇద్దరి ముఖాలు తను మర్చిపోదు, మర్చిపోకూడదు కూడా. మిగతావాళ్ళు మందు పొట్లాలతో, చీవాట్లతో ఇళ్ళకి పోతున్నారు.

నూతి దగ్గర క్యాన్లవాడు ఈ హడావిడంతా చూసి, నింపిన నీళ్ళు పట్టుకెళ్ళాలా పారబోయాలా తేలక నిలబడ్డాడు. "పట్టుకెల్లరా బాబూ," అని అరిచాడు ముసలాయన. "రుసి మట్టుకు మంచిదే!"

మధ్యాహ్నానికి తెల్ల కార్డులు కూడా పంచడం అయింది. ప్రమోదిని ఖాళీ పెట్టె మూస్తుంటే దాలమ్మ పరుగున వచ్చింది. పేటలో చదువుకున్న పిల్లలెవరూ దగ్గర లేరేమో, కార్డు రెండు చేతుల్తో పట్టుకునే వచ్చింది. పెదవులు పాలిపోయాయి.

"నాకూ వచ్చినాదమ్మా కార్డు."

కార్డంటే రోగమనే ఆ పేటలో అందరికీ తెలుసు. రంగుల తేడా తను షెల్టరు మెట్ల మీద చెప్పనేలేదని ప్రమోదినికి అప్పుడు గుర్తొచ్చింది.

"ఇటివ్వత్తా. ఇది తెల్లది. తెల్లదంటే బాగున్నట్టు. ఇదిగో, దాలమ్మ, నలభై ఏడేళ్ళు, సున్నా పాయింట్ ఎనిమిది. కింద చూడు, బాగుంది అని రాసుంది. నీకేమీ లేదు."

"ఏటీ నేదా?"

"ఏమీ లేదు."

"ఏటీ నేకపోతే కార్డేల పంపినావే నాయమ్మా! గుండాగిపోనాది నాకు!" దాలమ్మ అరుపుకి మెట్ల మీద పైడిరాజు తలతిప్పి చూశాడు. ఆవిడ మెట్టు మీద కూలబడి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, నవ్వూ తిట్టూ కలిపి ఎంతసేపో ఏదో అంది. అలుపు తీరాక కార్డు తిరిగి తీసుకుని, తలకిందులుగా పట్టుకుని చూసింది.

"బాగుంది అని ఎక్కడ రాసినావు?"

ప్రమోదిని కార్డు సరిగ్గా తిప్పి, వేలితో చూపించింది. దాలమ్మ ఆ మాట మీద బొటనవేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

"వచ్చే ఏడు కూడా పంపుతావా?"

"పంపుతానత్తా. అందరికీ."

"పంపు," అంది దాలమ్మ, కార్డు రవికలో దోపుకుంటూ. "తిట్టినానని మానీకు."